తైబందీ లేదు

మా ఊరు ముందు ముందు ఎట్లా ఉండబోతుందో చూపించే బొమ్మను నేను మొదటిసారి చూసింది మా ఊరి బడి గోడ మీద. అరవైల మధ్యలో ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆఫీసర్లు, ఒక విదేశీయుడు జీపు దిగి, దుప్పటంత గుడ్డను ఆ గోడకు మేకులతో కొట్టించారు. గుడ్డ నిండా పచ్చరంగు. రాళ్ళగుట్టల నడుమ పచ్చని చదరాలు, ఒక్కో చదరం మూలన మోటారు గది, ఆ గదుల మీదుగా కరెంటు తీగలు. ఇరవయ్యేళ్ళ తరవాత మీ ఊరు ఇట్లా ఉంటుందని ఆఫీసరు కర్రతో చూపిస్తూ చెప్పాడు. విదేశాల సాయంతో మెట్టభూములన్నీ పచ్చబడతాయనీ, ఎండాకాలం అనేది ఇక పేరుకే మిగులుతుందనీ చెప్పాడు.

అట్లాంటి బొమ్మలు ఆ తరవాత చాలా చూశాను. ఇప్పుడు నేను ఉంటున్న నల్లగండ్ల అపార్టుమెంటులో లిఫ్టు పక్కన కూడా ఒకటి తగిలించారు. అద్దాల మేడలు, వాటి నడుమ గుండ్రంగా కత్తిరించిన చెట్లు, సైకిలు తొక్కే పిల్లలు. ఏ బొమ్మ చూసినా నా కళ్ళు ముందు నీళ్ళను వెతుకుతాయి. ఎక్కడ పెట్టారు, ఎవరికి పెట్టారు అని.

ఆ రోజు బడి గోడ మీద నీళ్ళను వెతికింది మా బాపు. అందరి వెనక నిలబడి, చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి, చాలాసేపు చూశారు. తరవాత ఉర్దూలో, ఒక్కో మాటా విడివిడిగా, మా కుంట ఏదీ అని అడిగారు. ఆఫీసరు గుడ్డ దగ్గరికి వంగి చూశాడు. కుంట ఉండవలసిన చోట కూడా పచ్చరంగే ఉంది. బొమ్మ వేసినవాడు దాన్ని కూడా పొలమే అనుకున్నట్టున్నాడు. ఆఫీసరు తడుముకుని, అప్పటికి కుంటల అవసరం ఉండదు, నీళ్ళు భూమి లోపలే కావలసినన్ని ఉన్నాయి అన్నాడు.

ముందు కూచున్న ఆడవాళ్ళలో ఒకామె, "గా పచ్చరంగు ఎండకాలం గూడ అట్లనే ఉంటదా సారూ?" అంది. అందరూ నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వాడు. విదేశీయుడు మాత్రం బాపును చూసి, ఫొటో తీసుకోవచ్చా అన్నట్టు కెమెరా చూపించాడు. బాపు షేర్వానీ గుండీలు సరిచేసుకుని నిటారుగా నిలబడ్డారు.

మా ఇంటి సంగతి చెప్పకపోతే బాపు ఆ ప్రశ్న ఎందుకు అడిగారో అర్థం కాదు. గోపన్‌పల్లికీ నల్లగండ్లకూ నడుమ ఉన్న మా ఊరు, చుట్టుపక్కల మరికొంత భూమి, నిజాముల కాలంలో మా పెద్దలకు మక్తాగా వచ్చాయి. శిస్తు వసూలు మాదే, తగవులు తీర్చడం మాదే. మక్తాలు రద్దయ్యాయి. కౌలు చట్టం వచ్చింది. దున్నేవాళ్ళకు పోయినంత పోయింది, పాలివాళ్ళు అమ్ముకున్నంత అమ్ముకున్నారు. నాకు ఊహ తెలిసే నాటికి మా గడిలో తూర్పు వైపు గోడ కూలి ఉంది. పదహారు గదుల ఇంట్లో మేము రెండింటిలో ఉండేవాళ్ళం. మిగతా వాటిలో గబ్బిలాలు ఉండేవి. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అన్నదమ్ములు లేరు. బాపు తరవాత ఆ ఇంటికి నేనే.

ఇన్ని పోయినా ఒకటి మిగిలింది. తైబందీ చెప్పే హక్కు.

వానాకాలం అయిపోయాక, యాసంగి నాట్లకు ముందు, కుంటలో ఉన్న నీళ్ళకు ఎంత మడి తడుస్తుందో చూసి అంతే నాటుకోవాలని ఊరంతా కూచుని కట్టుకునే కట్టుబాటును మా వైపు తైబందీ అంటారు. సగం నీళ్ళుంటే సగం మడి. కుంటకు దగ్గర్లో ఉన్నవాళ్ళు నాటుకుని చివర ఉన్నవాళ్ళు చూస్తూ కూచోవడం కాదు అది. ఆ ఏడు తూము దగ్గరి మడినే అందరూ ముక్కలుగా పంచుకోవాలి. చివరి మడివాడికి కూడా అక్కడే ఒక ముక్క. మిగతాదంతా బీడు. ఎంత నాటాలో, ఎవరికి ఏ ముక్కో కట్ట మీద అందరి ముందూ చెప్పేది మా ఇంటి పెద్ద. ముందు మా భూమిలో ఎంత బీడు పెడుతున్నామో చెప్పి, తరవాతే ఊరివాళ్ళది చెప్పాలి. అది మా ముత్తాతల నాటి నుంచి వస్తున్న పద్ధతి. మాకున్న గొప్పతనమంతా అందులోనే ఉందని బాపు నమ్మకం. ముందు వదులుకోలేనివాడు దొర కాడు అనేవారు.

కుంట నిండిన ఏడు పంచుకునే పని ఉండదు. అప్పుడు బాపు తూము రాయి మీద నిలబడి, "ఈ ఏడు తైబందీ లేదు" అనేవారు. ఎవరి మడి వాళ్ళు మొత్తం నాటుకోవచ్చని దాని అర్థం. ఆ ఒక్క మాట కోసం ఊరు ఎదురుచూసేది. అది వినగానే ఆడవాళ్ళు కొంగులు నడుముకు చుట్టి, ఒకరినొకరు తోసుకుంటూ కట్ట దిగేవారు.

ఆ రోజు కోసం బాపు షేర్వానీని ముందు రోజే మడత పెట్టి పరుపు కింద ఉంచేదాన్ని. ఇస్త్రీపెట్టె ఎప్పుడో పోయింది. పురుగు కొట్టిన చోట్ల లోపలి నుంచి కుట్టేదాన్ని. మా భూమి కుంట కింద రెండు మళ్ళకు వచ్చిన తరవాత కూడా బాపు అదే గొంతుతో ముందు మాది చెప్పేవారు. ఊరివాళ్ళు కూడా అంతే మర్యాదగా వినేవారు. ఆ హక్కును ఏ చట్టమూ మా దగ్గరి నుంచి తీసుకోలేదు. ఊరు కూచున్నన్నాళ్ళు అది ఉంటుంది.

జీపు వచ్చి వెళ్ళిన మరుసటి ఏడే కట్ట అవతలి మెట్టచెల్కలో ద్రాక్షతోట మొదలయింది. ఆ చెల్క ఒకప్పుడు మాదే. దాని గురించి ఇంట్లో మాట్లాడుకునేవాళ్ళం కాదు. కొన్నవాడు కోస్తా వైపు నుంచి కుటుంబంతో వచ్చిన రైతు. నలభై ఏళ్ళుంటాయేమో. ఎప్పుడూ తెల్లటి పంచె, అరచేతులు మాత్రం రాయిలా ఉండేవి. ఊళ్ళో అందరూ ఆయన్ను ద్రాక్షతోటాయన అనేవారు. బోరు వేసిన రోజుల్లో ఊరంతా ఆ చప్పుడే. లోపలి బండ పిండిపిండిగా పైకి లేచి తుమ్మచెట్ల మీద తెల్లగా పడింది. తరవాత రాతి కడీలు పాతారు, తీగలు లాగారు, పందిళ్ళు వేశారు. రెండేళ్ళు తిరిగేసరికి ఎండాకాలంలో కూడా ఆ పందిళ్ళ కింద నేల చల్లగా, చీకటిగా ఉండేది. అంతటి పచ్చదనం నేను అంతకుముందు చూడలేదు. బాగుందని నాకూ అనిపించింది. ఊరి ఆడవాళ్ళకు పని దొరికింది. బడి గోడ మీది బొమ్మ నిజమవుతున్నట్టే ఉంది.

మొదటి కాపుకు ఆయన బుట్టెడు పళ్ళు తీసుకుని గడికి వచ్చాడు. బాపు ఆయన్ను అల్లిక చెడని కుర్చీలో కూచోబెట్టి, సాసరు మిగిలి ఉన్న ఒక్క కప్పులో చాయ ఇప్పించారు. తాను తాగలేదు. చక్కెర పడదన్నారు. ఆయన, "మీలాంటి పెద్దలు పక్కన ఉండటం మా అదృష్టమండి," అన్నాడు. మంచి మాటే. కాని బాపుకు ఆ "పక్కన" అన్నది గుచ్చుకుంది. ఆయన వెళ్ళాక, మనం వాళ్ళ పక్కన ఉన్నమా, వాళ్ళు మన పక్కన ఉన్నరా అని నన్ను అడిగారు. జవాబు కోసం కాదు.

మరొకటి కూడా ఆ రోజే గమనించాను. బాపు మాటల్లో సగం ఉర్దూ ఉండేది. అర్థం కాని మాటకు కూడా ద్రాక్షతోటాయన చిరునవ్వుతో తల ఊపేవాడు. ఏమన్నారండీ అని మళ్ళీ అడగడం ఎదుటి పెద్దమనిషిని చిన్నబుచ్చడమని ఆయన అనుకునేవాడు. బాపు కూడా ఒకసారి అన్న మాటను రెండోసారి అనేవారు కాదు. ఇద్దరూ మర్యాదస్తులే.

ఆ తరవాత పట్నంలో గొడవలు జరిగాయి. ఇక్కడివాళ్ళు, అక్కడినుంచి వచ్చినవాళ్ళు అనే మాటలు మా ఊరి దాకా వచ్చాయి. ఆయన తోట చుట్టూ ముళ్ళకంచె వేయించుకున్నాడు. ఊళ్ళో ఎవరూ ఆయన్ను ఏమీ అనలేదు గాని, గుంటూరోళ్ళ తోట అనడం మొదలుపెట్టారు. దారిలో ఎదురుపడితే బాపు, ఆయన చేతులు జోడించుకునేవారు. అంతకు మించి మాట లేదు.

డెబ్బైల మొదట్లో వానలు మోసం చేశాయి. కుంట సగం కూడా నిండలేదు. ఆ ఉన్న నీళ్ళు కూడా, తూము మూసి ఉండగానే, రోజురోజుకూ దిగిపోసాగాయి. తూము తీసి నీళ్ళు వదిలేది నీరటి. అది వాళ్ళ ఇంటి పని, తైబందీ చెప్పడం మా ఇంటి పని అయినట్టే. అతను గడికి వచ్చి గడప అవతల నిలబడి, "తూము బిగించే ఉన్నది దొరా. నీళ్ళు ఎటు వోతున్నయో సమజైతలేదు," అన్నాడు. సమజు కాకేమీ లేదు. కట్ట అవతల మోటారు పగలూ రాత్రీ మోగుతూనే ఉంది. కట్ట కింది బావుల్లో చేదలు అడుగుకు తగిలి గణగణమంటున్నాయి. తోట మాత్రం పచ్చగా ఉంది. జీపు ఇప్పుడు నేరుగా తోటకే వచ్చేది. కొత్త కొత్త విదేశీయులు దిగి, పందిళ్ళ కింద నిలబడి ఫొటోలు తీసుకుని వెళ్ళేవారు.

ఒక సాయంత్రం కుంట కింది రైతులందరూ గడికి వచ్చారు. చివరి మళ్ళవాళ్ళు ముందు నిలబడ్డారు. వాళ్ళకు ఈ యాసంగి పోతే తినడానికి గింజలుండవు. తైబందీ చెప్పినంత మాత్రాన సరిపోదనీ, మనం బీడు పెట్టి మిగిల్చిన నీళ్ళు కట్ట అవతలికి పోతున్నాయనీ అన్నారు. వాళ్ళలో ఒక ముసలాయన తలపాగా తీసి చేతిలో పట్టుకుని, "కుంట నీళ్ళు తాగేటోడు తైబందీల కూసోవాలె గద దొరా. గాయనను గూడ పిలువుండ్రి," అన్నాడు.

బాపు చూద్దాం అన్నారు. చూద్దాం అంటే ఆయన నిద్రపోరని నాకు తెలుసు. కుంట కింద మడి లేనివాణ్ణి తైబందీకి పిలిచిన దాఖలా ఎప్పుడూ లేదు. పిలిస్తే ఆయన కూడా ఊరివాడయినట్టే. పైగా, మా చెల్క కొన్నవాణ్ణి మేమే పిలవాలి. పిలవకపోతే చివరి మళ్ళవాళ్ళ యాసంగి పోతుంది. దాంతో పాటు తైబందీ కూడా పోతుంది. నీళ్ళు ఆపలేని మాటను ఎవరు వింటారు?

రెండు మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తరవాత ఒక పొద్దున, "పిలుద్దాం," అన్నారు.

నేను చీటీ రాసిస్తానన్నాను. తైబందీకి చీటీలు రాయరన్నారు. పోనీ నేనే వెళ్ళి చెప్పి వస్తాను, వాళ్ళావిడ నాకు తెలుసు అన్నాను. బాపు నా వైపు తిరిగి, "మనం నీళ్ళు అడుగం బిడ్డా. నీళ్ళు చెప్తం," అన్నారు. పిలుపు నీరటి నోటి మీదే పోవాలి. అది పద్ధతి. అందరికీ అట్లాగే పోయింది, ఆయనకూ అట్లాగే పోతుంది. ఒకరికి తక్కువ మర్యాద, ఒకరికి ఎక్కువ మర్యాద ఉండదు.

నీరటి వెళ్ళి వచ్చాడు. చెప్పినవా అని బాపు అడిగారు. చెప్పిన అన్నాడు. ఏమన్నడు అని అడిగారు. నవ్వుకుంట తల ఊపిండు అన్నాడు. బాపు తృప్తిగా ఊపిరి వదిలారు.

మరునాడు పొద్దున్నే ఊరంతా కట్ట మీద కూచుంది. బాపు తూము రాయి మీద నిలబడ్డారు. నేను కొంచెం వెనకగా, కట్ట కింద నిలబడ్డాను. మా ఇంటి ఆడవాళ్ళు తైబందీకి వచ్చే ఆనవాయితీ లేదు, కాని బాపు సరిగ్గా తినడం లేదని ఆ ఏడు నేను వెంట వెళ్ళాను. ద్రాక్షతోటాయన కూచోవడానికి ముందు వరసలో జాగా వదిలారు. ఎండ ఎక్కుతున్నా బాపు మొదలుపెట్టలేదు. పిలిచిన మనిషి రాకుండా ఎట్లా చెప్తామన్నారు.

అప్పుడు గజ్జెల చప్పుడు వినిపించింది. కట్ట కొస నుంచి ఎడ్లబండి ఒకటి మెల్లగా మా వైపు వస్తోంది. ఎద్దులను కడిగారు. కొమ్ములకు రంగు వేశారు. బండిలో కొత్త గడ్డి పరిచి, దాని మీద జంపఖానా పరిచారు. పక్కన చిన్న బుట్టలో ఇంకా పులుపు పోని ద్రాక్ష గుత్తులు. బండిలో మనిషి లేడు. తోలేవాడు దిగి, తలగుడ్డ విప్పి, "సలాం దొరా. మా సారు తయారుబండి పంపిండు. యాడికి పోవాలె?" అన్నాడు.

కట్ట మీదివాళ్ళు బండిని, బాపును మార్చి మార్చి చూశారు. తరవాత నీరటి ముఖం మారిపోవడం చూశాను. అతను నిన్న చెప్పిన మాట, "సారూ, రేప్పొద్దుగాల దొర తైబందీ. కట్ట మీదికి రావాలె" అని. మోటారు చప్పుడులో, కంచె అవతల నిలబడి, ఎప్పుడూ వినని మాటను ద్రాక్షతోటాయన ఎట్లా విన్నాడో నాకూ అప్పుడే అర్థమయింది. దొరకు తయారుబండి, కట్ట మీదికి రావాలి. ఎవరు రావాలో నీరటి చెప్పలేదు. చెప్పవలసిన పని మా ఊళ్ళో ఎప్పుడూ రాలేదు. ఆయన మళ్ళీ అడగలేదు.

మా బండి, ఎద్దులు అమ్ముకుని అప్పటికి చాలా కాలమయింది. అది ఊళ్ళో అందరికీ తెలుసు. వెనక వరసలో ఎవరో, "గడికి మల్ల బండొచ్చిందిరా," అన్నారు. ఒకరు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరస వెంట పాకింది. పెద్దది కాదు, అణచుకున్న నవ్వే. ఆకలి ముందున్నవాళ్ళు కూడా నవ్వారు.

బాపు ముఖంలో ఏమీ కదల్లేదు. బండిని చూడలేదు, మనుషులను చూడలేదు. కుంట వైపు తిరిగి, బురద అంచున కొంగలు నడుస్తున్న చోటు చూశారు. తరవాత ఎప్పటి గొంతుతోనే, "ఈ ఏడు తైబందీ లేదు," అన్నారు. కర్ర పట్టుకుని, బండి లేని వైపు నుంచి కట్ట దిగారు. నేను వెనకే నడిచాను. ఇంటికి చేరేదాకా ఆయన వెనక్కి తిరగలేదు. షేర్వానీ విప్పి చిలక్కొయ్యకు తగిలించి, గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఇక ఇలాంటిది లేదు, నా వరకు అయిపోయింది అనే అర్థంతో ఆయన ఆ మాట అన్నారని నాకు తెలుసు. ఊళ్ళో కూడా తెలియనివాడు లేడు. కుంటలో నీళ్ళు అందరి కళ్ళ ముందే ఉన్నాయి. కాని మాట మాత్రం నిండిన ఏడు చెప్పే మాటే. పొద్దు వాలకముందే తూము దగ్గరి మళ్ళవాళ్ళు నాగళ్ళు కట్టారు. దొర లేదన్నడు, లేదంటే ఎవల మడి వాళ్ళదే అన్నారు. చివరి మళ్ళవాళ్ళు గడికి పరుగెత్తుకొచ్చారు. బాపు లేవలేదు. తలపాగా తీసిన ముసలాయన గడప దగ్గర కూలబడి, నువ్వన్న చెప్పు దొరసానీ, దొర మాటకు మతలబు ఏంది అని అడిగాడు.

"బాపు అన్నది మీరు విన్నరు గద," అన్నాను. ఆయన బతికి ఉండగా ఆయన మాటకు నేను అర్థం చెప్పడం మా ఇంట్లో లేదు.

ఇంకెవరూ ఆగలేదు. వాళ్ళు నాటుతుంటే మనం చూస్తూ కూచోవాలా అని చివరి మళ్ళవాళ్ళు కూడా నాట్లు వేశారు. తూము తీసిందే తీసింది, మూయలేదు. నీరటి మూస్తే ఒకరు తీసేవారు. వరి పొట్టకొచ్చే వేళకు కుంట అడుగు బయటపడింది. బురదలో కొట్టుకుంటున్న చేపలను పిల్లలు తట్టల్లో ఎత్తుకుపోయారు. తరవాత బురద కూడా ఎండి పెచ్చులు లేచింది. వరి తెల్లబడింది. ఈనని చేలలోకి పశువులను తోలారు. తూము దగ్గరివాళ్ళకూ గింజ రాలేదు, చివరివాళ్ళకూ రాలేదు. ఎండలు ముదిరేసరికి ఇండ్లకు తాళాలు పడ్డాయి. కొందరు మూసాపేట వైపు కార్ఖానాల్లో కూలికి పోయారు. ఆ ముసలాయన పట్నం దవాఖానలో పోయాడని తరవాత విన్నాము.

ద్రాక్షతోటాయనకు ఆ బండి సంగతి ఎవరు చెప్పారో తెలియదు. వరి ఎండిన రోజుల్లో గడికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూచోలేదు. లోపలి గదిలో బాపు ఉన్నారు, తలుపు వారగా వేసి ఉంది.

"బండి అనుకున్నానండి," అన్నాడు. "మోటారు చప్పుడండీ. తయారుబండి అన్నట్టు వినపడింది. దొరగారికి ఎలాగూ బండి..." అక్కడ ఆగిపోయాడు. ఆ మాట పూర్తి చేయనందుకు ఆయన్ను నేను ఇప్పటికీ గౌరవిస్తాను. తరవాత, "ఎద్దుల్ని కడిగించి పంపించానండి," అన్నాడు.

తెలిసిందన్నాను. తైబందీ అంటే ఏమిటని అడిగాడు. చెప్పాను. ఈసారి తల ఊపలేదు. తెలియని చోట ఆపి మళ్ళీ అడిగాడు. అంతా విన్నాక, నన్ను కూడా కూచోమని పిలిచారా అన్నాడు. పిలిచిన్రు అన్నాను.

"చెప్తే రోజు మార్చి రోజు ఆపేవాణ్ణి కదండీ మోటారు," అన్నాడు, నేల చూస్తూ. నిజంగా ఆపేవాడో లేదో నాకు తెలియదు. ఆయనకూ తెలియదనుకుంటాను. తీగ ఎండితే ఆయన కూడా మునిగేవాడే. ఆపి ఉంటే ఎన్ని మళ్ళు పండేవో కూడా ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కాని ఆ అడిగే చోటు, చెప్పే చోటు, కట్ట మీద ముందు వరసలో ఒకరోజు పొద్దున కొంతసేపు ఖాళీగా ఉండింది.

ఆయన వెళ్ళాక లోపలి నుంచి బాపు గొంతు వినిపించింది. "ఎద్దులను కడిగిండటనా?"

"కడిగిండట బాపూ."

"మర్యాద తెలిసిన మనిషే," అన్నారు. మళ్ళీ పిలుద్దామని ఆయన అనలేదు. పిలుద్దామా అని నేను అడగలేదు. ఒకసారి బండి వచ్చిన చోటికి బాపు మళ్ళీ వెళ్ళి నిలబడరు. అది నాకు తెలుసు. నేనైనా నిలబడను.

మరుసటి ఏడు తైబందీ లేదు. ఆ మరుసటి ఏడూ లేదు. కుంటకు ఎన్ని నీళ్ళొస్తే అన్ని నీళ్ళూ ఎవరికి బలముంటే వారివి అయ్యాయి. బోర్లకు సర్కారు సాయం చేస్తుందని తెలిసి, ఊళ్ళో మిగిలిన నలుగురూ బోర్లు వేయించారు. ఒకరి బోరు ఎండితే ఇంకొకరిది లోతుకు దిగేది. తుమ్మచెట్ల మీద తెల్ల పిండి ఆగకుండా పడేది. ద్రాక్షతోటాయన కూడా మూడుసార్లు లోతు పెంచాడు. తీగలు ఒక పక్క నుంచి ఎండుకుంటూ వచ్చాయి. అప్పుడు జీపు రావడం మానేసింది. వేరే ఊరి తోటకు పోతున్నదని విన్నాము. ఒక ఎండాకాలం ఆయన సామాను లారీకి ఎక్కించి, గడికి వచ్చి, దూరం నుంచే చేతులు జోడించి వెళ్ళిపోయాడు. రాతి కడీలు మాత్రం వరసగా నిలబడి ఉండేవి, కొన్నేళ్ళ దాకా.

అటు పక్క యూనివర్సిటీ కోసం భూములు తీసుకున్నారు. ఇటు పక్క పట్నం నుంచి మనుషులు వచ్చి కుంట కింది మళ్ళు కొన్నారు. ఎండిన మడిని అమ్ముకోవడానికి ఎవరూ రెండోసారి ఆలోచించలేదు. వరి కొయ్యకాళ్ళ నడుమ సున్నం పూసిన హద్దురాళ్ళు వెలిశాయి. మా రెండు మళ్ళు మాత్రం బాపు అమ్మలేదు. ఒక చలికాలంలో, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, ఆయన పోయారు. షేర్వానీ వేసి పంపించాను.

డెబ్బైలు అయిపోవస్తుండగా ఒక ఏడు వాన పడింది. అట్లాంటి వాన చాలా ఏళ్ళుగా చూడలేదు. కుంట నిండింది. అలుగు మీదుగా నీళ్ళు దూకుతున్న చప్పుడు గడిలోకి వినిపించింది. యాసంగి నాట్ల కాలం వచ్చింది. హక్కు ఇప్పుడు నాది. నీరటికి కబురు పెట్టాను, పద్ధతి ప్రకారం అందరినీ పిలవమని.

పొద్దున్నే బాపు కర్ర తీసుకుని కట్ట ఎక్కాను. నీరటి ఒక్కడే ఉన్నాడు. వయసు మీద పడి వంగిపోయాడు. పిలిచిననని, ఇండ్లకు తాళాలున్నయని, తాళాలు లేని ఇండ్లల్ల కూసుండేటోళ్ళు లేరని చెప్పాడు. కట్ట కింద హద్దురాళ్ళ నడుమ సర్కారుతుమ్మ మొలిచింది. మోటారు చప్పుడు లేదు. కుంట నిండుగా, మెల్లగా కదులుతోంది.

నీరటి అలవాటుగా ముందు వరసలో, నేల మీద కూచున్నాడు. "చెప్పు దొరసానీ," అన్నాడు.

తూము రాయి మీద నిలబడి, ముందు మా మళ్ళ సంగతి చెప్పాను. బీడు ఏమీ పెట్టడం లేదన్నాను. తరవాత, "ఈ ఏడు తైబందీ లేదు," అన్నాను. నా మాట బాపు గొంతంత గట్టిగా రాలేదు. ఈసారి ఆ మాటకు ఒకటే అర్థం ఉంది.

నీరటి లేచి, "తూము తియ్యాల్నా?" అని అడిగాడు. తియ్యమన్నాను. అతను దిగి, నీళ్ళలో చెయ్యి పెట్టి, తూముకు బిగించిన బిర్రు లాగాడు. చాలా ఏళ్ళ తరవాత నీళ్ళు కాలువలో పడ్డాయి. కాలువ పూడిపోయి ఉంది గాని, నీళ్ళు పాత దారిన హద్దురాళ్ళ నడుమకు పోయి, మడి మడిలో నిలబడ్డాయి. చివరి మడి దాకా పోయాయి. మేమిద్దరం ఎండెక్కే దాకా చూశాము.

మరునాడు ఒక పెద్దమనిషి స్కూటరు మీద గడికి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది. తన ప్లాటు నిండా నీళ్ళు నిలబడ్డాయని, రేపు పునాది తవ్వవలసి ఉందని, ఈ నీళ్ళు ఎవరు వదిలారో తెలుసా అమ్మా అని అడిగాడు.

నేనే వదిలానని చెప్పాను.